మంచుదేశంలో కోళ్ల సంరక్షణ
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈసారి నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. పి.ఆర్.సి. గురించీ, డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ చెప్పడానికి నాకంటె బాగా తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. అందుచేత నేను కోళ్ల గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వి, "రెవెన్యూలో ముప్పయ్యారేళ్లు అడంగళ్లు రాసిన మనిషివి, కోళ్లేమిటండీ?" అన్నారు. కారణం చెబుతాను. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు. మనం ఆరేసి నెలలు వెళ్లి వస్తున్నాం. చలికాలంలో వెళ్లినవారు కిటికీలోంచి మంచు చూస్తూ, టీవీ సీరియళ్లు చూస్తూ, "ఎప్పుడు తిరిగి వెళ్తామా" అని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. నేను 2024 అక్టోబరు ఆఖరున వెళ్లి 2025 ఏప్రిల్‌లో వచ్చాను. ఆ ఆరు నెలలూ నాకు ఒక ఉద్యోగం దొరికింది. జీతం లేదు గాని, బాధ్యత మాత్రం పూర్తిగా ఉంది. ఆరు పెట్టలను ఆ చలికాలం గట్టెక్కించడం ఆ ఉద్యోగం.

ఊరు, వాతావరణం

మా పెద్దవాడు ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలో, సిరక్యూస్ నగరానికి దగ్గరి ఒక చిన్న ఊరు. న్యూయార్క్ అనగానే మనకు ఎత్తయిన మేడలు గుర్తుకొస్తాయి. అది ఈ చివరి న్యూయార్క్ నగరం. సిరక్యూస్ ఆ చివరి, కెనడా వైపు. అక్కడికి ఉత్తరాన ఒంటారియో అని సముద్రమంత సరస్సు ఉంది. చలిగాలి ఆ సరస్సు మీదుగా వచ్చేటప్పుడు నీటి ఆవిరిని పీల్చుకుని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున పది అడుగుల పైచిలుకు మంచు కురిసే ఊరు అది. ఒక్క రాత్రిలో అడుగు, అడుగున్నర పడడం అక్కడివారికి వింత కాదు. జనవరిలో రాత్రిళ్లు సున్నాకు దిగువన పదిహేను, ఇరవై సెల్సియస్ డిగ్రీలకు పోతుంది. మన లంబసింగిలో గడ్డి మీద పొగమంచు గడ్డకట్టిందంటే పేపర్లో ఫోటో వేస్తారు. అక్కడ బకెట్లో నీళ్లు రాయి అవుతాయి.

ఆ ఊళ్లో ఇంటి వెనుక ఆరు పెట్టల వరకు పెంచుకోవడానికి అనుమతి ఉంది. పుంజు మాత్రం కూడదు, తెల్లవారుజామున కూస్తే పొరుగువారు ఫిర్యాదు చేస్తారు. మావాళ్లు 2022 వసంతంలో ఆరు పిల్లలను తెచ్చి పెంచారు. నేను వెళ్లేసరికి వాటికి రెండున్నరేళ్లు. కొడుకూ కోడలూ ఇద్దరూ తెల్లవారకముందే ఉద్యోగాలకు పోతారు. కోడలు ఆసుపత్రి ల్యాబొరేటరీలో పనిచేస్తుంది. మనవరాలికి పదకొండేళ్లు, బడి బస్సు ఏడింటికే వస్తుంది. "తాతయ్యా, మా కోళ్లను నువ్వు చూసుకుంటావా?" అని అది అడిగింది. మాది తణుకు దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అమ్మ గంపకింద కోళ్లు కమ్మడం, పొదగేయడం చూసిన వాణ్ణి. సరేనన్నాను.

కోడికి చలి ఆగుతుందా?

ముందుగా అందరికీ వచ్చే సందేహం ఇదే. ఆగుతుంది. కోడి ఒంటివేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్, మనకంటె నాలుగు డిగ్రీలు ఎక్కువ. పైఈకల కింద మెత్తటి నూగు ఉంటుంది. చలేసినప్పుడు ఈకలు ఉబ్బించుకుంటే ఆ నూగులో గాలి నిలిచి, మనం దుప్పటి కప్పుకున్నట్లవుతుంది. అయితే ఈకలు లేని చోట్లు మూడు. తలమీది ఎర్రటి జుట్టు, గొంతుకింద వేలాడే ఎర్రటి తోలు, కాళ్లు. చలి దెబ్బ తగిలేది అక్కడే.

అందుకే అక్కడివారు జాతిని చూసి ఎంచుకుంటారు. మావాళ్లవి రెండు ప్లిమత్ రాక్‌లు, రెండు ఆర్పింగ్టన్‌లు, రెండు వయాండాట్‌లు. అన్నీ బరువైన ఒళ్లు, దట్టమైన ఈకలు. వయాండాట్ జుట్టు తలకు అంటుకుని గులాబి పువ్వులా చిన్నదిగా ఉంటుంది కనుక దానికి మంచుకాటు భయం తక్కువ. మన అసీల్ పందెం కోడి జుట్టు కూడా చిన్నదే. కాని దానికి ఈకలు పల్చన, ఒంటికి అంటుకుని ఉంటాయి, ఆ చలికి తట్టుకోలేదు. అయినా అసీల్‌కూ ఆ దేశాలకూ చుట్టరికం లేకపోలేదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో మన అసీల్ కోళ్లను అక్కడి కోళ్లతో కలిపి కార్నిష్ అనే జాతిని తయారుచేశారు. ఇవాళ ప్రపంచమంతా తినే బ్రాయిలర్ కోడికి మూలజాతుల్లో అది ఒకటి. మన గోదావరి మనిషి అమెరికాలో కోడి దగ్గర నిలబడితే మరీ పరాయితనం అనిపించదు.

గూడు: గాలి కావాలి, గాలి విసురు వద్దు

మనకు చలేస్తే తలుపులు, కిటికీలు బిగిస్తాం. కోళ్లగూటికి అది పనికిరాదు. ఇది ఈ ప్రసంగంలో ముఖ్యమైన మాట, కనుక కాస్త వివరంగా చెబుతాను.

కోడి రాత్రంతా ఊపిరి వదులుతుంది, రెట్ట వేస్తుంది. రెంటిలోనూ తేమ ఉంటుంది. గూడు మూసేస్తే ఆ తేమ లోపలే నిలిచిపోతుంది. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. తేమ గాలి జుట్టుమీద పేరుకుని గడ్డకట్టిందంటే మంచుకాటు వచ్చినట్లే. పొడిగా ఉన్న చలిని కోడి ఓర్చుకుంటుంది, తడిగా ఉన్న చలిని ఓర్చుకోలేదు. కాబట్టి గూటి పైభాగంలో, కప్పుకు ఆనుకుని, కోళ్లు కూర్చున్న ఎత్తుకంటె బాగా పైన గాలికంతలు తెరిచే ఉంచాలి. వెచ్చటి తేమగాలి పైకి లేచి బయటికి పోతుంది. కోళ్లు కూర్చున్న ఎత్తులో మాత్రం ఒక్క సందు కూడా ఉండకూడదు. విసురుగాలి తగిలి ఈకలు లేచిపోతే లోపల నిలిచిన వెచ్చదనం పోతుంది. ఉదయం గూటి కిటికీ అద్దం లోపలివైపు నీటిబొట్లు కనబడ్డాయంటే గాలి చాలడం లేదని అర్థం. పొద్దున్నే నేను మొదట చూసేది ఆ అద్దమే.

కూర్చునే కర్ర మన దగ్గర గుండ్రటి వెదురుబొంగు వేస్తాం. అక్కడ నాలుగు అంగుళాల వెడల్పు చెక్కను బల్లపరుపుగా వేస్తారు. అప్పుడు కోడి పాదం చాపి కూర్చుని, పొట్ట ఈకలను వేళ్లమీద కప్పుకుంటుంది, వేళ్లు గడ్డకట్టవు. ఒక్కో కోడికి పది అంగుళాల చోటు ఇస్తే చాలు, అవి ఎలాగూ ఒకదానికొకటి ఆనుకునే కూర్చుంటాయి. గూటి లోపల కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట వల కట్టిన దొడ్డిలో పది చదరపు అడుగులు అని ఒక లెక్క.

నేలమీద చిత్రికపట్టిన చెక్కపొట్టు వేస్తారు. శీతాకాలం మొదట్లో ఐదారు అంగుళాలు వేసి, రెట్ట పడిన కొద్దీ కలియబెట్టి, పైన మళ్లీ కొత్త పొట్టు చల్లుతూ పోతే మార్చినాటికి అడుగు మందం అవుతుంది. అడుగున అది మన పెంటకుప్పలాగే మెల్లగా మాగి కొంచెం వేడినిస్తుంది. వసంతంలో తీసి తోటకు వేస్తే మంచి ఎరువు. తడిసిన చోట మాత్రం ఏ రోజుకారోజు తీసి పారేయాలి. ముక్కుకు ఘాటు తగిలిందా, పొట్టు చాలలేదన్నమాట.

ఇక విద్యుద్దీపం వేడి సంగతి. ఎర్రటి పెద్ద బల్బులు, 250 వాట్లవి, గూట్లో వేలాడదీసేవారున్నారు. ఎండిన పొట్టు, ఎగిరే ఈకలు, దుమ్ము, వాటి మధ్య కాలే బల్బు! ప్రతి చలికాలం వీటివల్ల గూళ్లు తగలబడుతూనే ఉంటాయి. ఒక్కొక్కప్పుడు మంట ఇంటికీ అంటుకుంటుంది. పైగా కరెంటు పోతే వేడికి అలవాటుపడిన కోళ్లు ఒక్క రాత్రిలో కుదేలవుతాయి. పెద్దకోళ్లకు దీపం వేడి అక్కర్లేదు. పిల్లలకైతే వేరే సంగతి.

నీళ్లు, మేత, వెలుతురు

పనంతా నీళ్ల దగ్గరే. కోడి రోజుకు పావులీటరు నుంచి అరలీటరు దాకా తాగుతుంది. నీళ్లు లేకపోతే మేత తినదు, మేత తినకపోతే ఒంట్లో వేడి పుట్టదు, గుడ్డూ పెట్టదు. కిందనుంచి వేడిచేసే విద్యుత్ పళ్లేలు అమ్ముతారు. మావాళ్ల గూడు ఇంటికి దూరం, వైరు లాగడం ఇష్టంలేక రెండు రబ్బరు తొట్లు కొన్నారు. రబ్బరుదైతే బోర్లించి కాలితో తంతే మంచుగడ్డ ఊడి పడుతుంది, తొట్టి పగలదు. ఒకటి గూట్లో, ఒకటి ఇంట్లో. ఉదయం ఏడింటికి, పదకొండింటికి, మూడింటికి గోరువెచ్చటి నీళ్లు పట్టుకెళ్లి మార్చేవాణ్ణి. రాత్రి గూట్లో నీళ్లు ఉంచకూడదు, అవి తేమను పెంచుతాయి. చీకట్లో కోడి ఎలాగూ తాగదు.

మేత మామూలుగా కోడికి రోజుకు 110, 120 గ్రాములు. చలికాలంలో ఇంకొంచెం ఎక్కువే తింటుంది, తిననివ్వాలి. గుడ్ల కోళ్ల దాణాలో మాంసకృత్తులు నూటికి 16 పాళ్లు ఉంటాయి. సాయంత్రం గూట్లోకి వెళ్లబోయే ముందు గుప్పెడు మొక్కజొన్న నూక వేస్తే, అది రాత్రంతా అరుగుతూ ఒంటికి వేడినిస్తుంది. ఎక్కువ వేస్తే కొవ్వు పడుతుంది. నేలంతా మంచు కప్పేసి ఉంటుంది కనుక కోడికి ఇసుకరాళ్లు దొరకవు. అవి లేకపోతే కందనకాయ గింజను నూరలేదు. ఒక డబ్బాలో సన్నటి రాతినూక, ఇంకో డబ్బాలో ఆల్చిప్పల పొడి పెట్టేవాళ్లం. ఆల్చిప్ప గుడ్డుపెంకు కోసం.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. డిసెంబరులో మన తణుకులో పగలు సుమారు 11 గంటలుంటుంది. అక్కడ తొమ్మిదే. పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే పద్నాలుగు గంటల వెలుతురు కావాలి. పైగా శరత్తులో అది పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. ఈకలో నూటికి ఎనభై అయిదు పాళ్లు మాంసకృత్తులే కనుక, తిన్నదంతా ఈకలకే పోతుంది, గుడ్లు నిలిచిపోతాయి. కొందరు తెల్లవారుజామున చిన్న బల్బు తనంతట తానే వెలిగేలా అమర్చుతారు. సాయంత్రం వేళ పెడితే, అది ఠక్కున ఆరినప్పుడు కర్ర ఎక్కని కోడి చీకట్లో నేలమీదే ఉండిపోతుంది, కనుక తెల్లవారుజామే మేలు. మావాళ్లు మాత్రం దీపం పెట్టలేదు. "చలికాలం వాటికి సెలవు తాతయ్యా" అంది మనవరాలు. ఎర్న్‌డ్ లీవు శాంక్షన్ చేశామన్నాను. ఆరింటి మీద రోజుకు ఒకటి, రెండు గుడ్లు వచ్చేవి. వాటిని కూడా వెంటవెంటనే తీయాలి, లేకపోతే లోపల గడ్డకట్టి పెంకు చిట్లిపోతుంది.

మంచు బాగా పడిన రోజు తలుపు తీస్తే కోళ్లు గడప దాటలేదు. మెడలు చాచి చూసి వెనక్కి వెళ్లిపోయాయి. తెల్లదనానికి బెదురు, కాళ్లకు చలి. మంచు తీసి ఎండుగడ్డి పరిచాక ఒక్కొక్కటే వచ్చాయి. దొడ్డి పైన కట్టిన వలమీద మంచు పేరుకుంటే బరువుకు తెగిపడుతుంది. కురుస్తున్నప్పుడే చీపురుతో దులపాలి. రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకోవాలి. అక్కడ రకూన్ అని ఒక జంతువు ఉంది, చేతివేళ్లతో గడియ తీసేస్తుంది. నక్కలు, గద్దలు సరేసరి.

మన ఒంటి సంగతి

కోళ్ల మాటలో పడి మన మాట మరిచిపోకూడదు. మంచు పారతో ఎత్తిపోయడం చాలా బరువైన పని. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉన్నప్పుడు అంత శ్రమ చేస్తే గుండెకు ప్రమాదమని అక్కడి డాక్టర్లు ప్రతి ఏటా హెచ్చరిస్తారు. మన వయసువారు పార పట్టనే కూడదు. అప్పుడే పడిన పొడి మంచును చీపురుతో తోయడం వరకే నా పని, మిగతాది మావాడు వచ్చాక. నేలమీద కనిపించకుండా పరుచుకునే పల్చటి మంచుగడ్డ అంతకంటె ప్రమాదం. తుంటి ఎముక విరిగితే పరాయిదేశంలో ఖర్చు మన గ్రాట్యుయిటీని దాటిపోతుంది. బూట్ల కింద తొడుక్కునే ముళ్లపట్టీలు దొరుకుతాయి. అవి లేకుండా నేను గడప దాటలేదు. ఒక మందపాటి కోటు కంటె మూడు పల్చటి బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు.

బర్డ్ ఫ్లూ వచ్చింది

ఇప్పటివరకు చెప్పినది మామూలు సంరక్షణ. ఆ చలికాలం మామూలుది కాదు. 2022 ఫిబ్రవరి నుంచి అమెరికాలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వ్యాపిస్తోంది. 2025 మార్చి నాటికి 16 కోట్లకు పైగా పక్షులు చచ్చిపోవడమో, వధించబడడమో జరిగింది. గుడ్లు కరువై, ఆ మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటింది. అంతటి దేశంలో దుకాణాల్లో మనిషికి ఇన్నే అని బోర్డులు పెట్టారు. రేషన్ డిపో ముందు నిలబడ్డ వాళ్లం కనుక మనకది కొత్త కాదు, పాపం వాళ్లకు కొత్త.

2025 జనవరి 6న లూసియానా రాష్ట్రంలో ఒక మనిషి ఈ వ్యాధితో చనిపోయారని ప్రకటించారు. అమెరికాలో ఈ వ్యాధికి అదే మొదటి మరణం. వయసు 65 దాటినవారు, అంతకుముందే వేరే జబ్బులున్నవారు, ఇంటి పెరటి కోళ్లవల్లా, అడవిపక్షులవల్లా సోకింది. ఆ సాయంత్రం మా కోడలు నా ఎదుట కూర్చుని, "మావయ్యగారూ, మీకు షుగరుంది, వయసుంది. ఇదంతా మీకే సరిపోయేలా ఉంది. రేపటినుంచి మీరు ఆ గూటి దగ్గరికి వెళ్లొద్దు. ఆ కోళ్లను ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది. ఆసుపత్రిలో పనిచేసే పిల్ల, తెలిసే చెప్పింది. మావాడు ఏమీ అనలేదు. మనవరాలు కంచం ముందునుంచి లేచిపోయింది. మూడో ఏడు వచ్చిన, సరిగా గుడ్లు పెట్టని ముసలి కోళ్లను ఎవరైనా ఎందుకు తీసుకుంటారో దానికీ తెలుసు.

నేను రెండు రోజులు గడువు అడిగాను. మావాడి చేత ఆ జిల్లాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు విస్తరణ కేంద్రానికి ఫోన్ చేయించాను. మన వ్యవసాయ విస్తరణాధికారి వంటి వ్యవస్థ అది. వ్యాధి ఎలా వస్తుందో అడిగి రాసుకున్నాను. బాతులు, పెద్దబాతులు వంటి నీటిపక్షుల రెట్టలో ఆ వైరస్ ఉంటుంది. చలిలో, తడిలో చాలా రోజులు బతికి ఉంటుంది. మన బూట్లకు అంటుకుని గూట్లోకి వస్తుంది. అంటే వచ్చే దారులు తెలిసినవే, వాటిని మూయవచ్చు. ఆఫీసులో నోట్ ఫైలు పెట్టినట్లే ఒక కాగితం మీద సంగతులు, అనుకూలం, ప్రతికూలం, చేయవలసిన ఏర్పాట్లు రాసి కోడలి ముందు పెట్టాను. ఆమె చదివి, కింద రెండు షరతులు కలిపి, "అంగీకరించడమైనది" అని రాసింది. మాస్కు లేకుండా గూట్లోకి వెళ్లకూడదని ఒకటి. ఒక్క కోడి జబ్బుపడినా నేను తాకకూడదని రెండోది.

గూటి తలుపు మీద అంటించిన ఆ ఉత్తర్వులు ఇవి:

1. దొడ్డి పైన రేకు, చుట్టూ సన్నకన్నం వల. ఏ అడవిపక్షీ, దాని రెట్టా లోపల పడకూడదు.
2. గూటికి వేరే బూట్లు, వేరే కోటు. అవి ఇంట్లోకి రాకూడదు.
3. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
4. మేత లోపలే పెట్టాలి. చిందిన గింజలు సాయంత్రానికి ఎత్తేయాలి. తోటలో పిచ్చుకలకు గింజలు వేలాడదీయడం నిలిపేయాలి.
5. కోళ్లు పెంచే ఇతరులెవరూ గూటి దగ్గరికి రాకూడదు, మనం వారి గూళ్లకు పోకూడదు.
6. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి.
7. పొట్టు కలియబెట్టడం వంటి దుమ్మురేగే పని అబ్బాయిది, తాతయ్యది కాదు.

మన గోదావరిలో కూడా

ఇది జరిగిన నెలలోపే మా సొంత ఊరినుంచి ఫోన్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబొరేటరీ నిర్ధారించింది. కిలోమీటరు పరిధిలో కోళ్లను వధించి పూడ్చారు, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు. మా చెల్లెలి ఊరు ఆ పది కిలోమీటర్లలోనే ఉంది. దానికి పెరట్లో పన్నెండు కోళ్లు. బావ పోయాక ఆ గుడ్లూ, పిల్లలూ అమ్ముకున్న డబ్బే దాని చేతిఖర్చు. "అన్నయ్యా, నువ్వు అమెరికాలో కోళ్లు కాస్తున్నావట, నావి ఏం చేయమంటావు?" అని అడిగింది. ఆ ఏడు ఉత్తర్వులే ఫోనులో చదివాను. చెరువు గట్టుకు వదలవద్దన్నాను, దోమతెర చుట్టిన పాకలో పెట్టమన్నాను, పశువుల డాక్టరు వస్తే ఏ ఒక్క కోడినీ దాచకుండా చూపించమన్నాను. ఇక్కడి వేడికి వైరస్ ఎక్కువకాలం నిలవదు గాని, వదిలిన కోడి ఊరంతా తిరుగుతుంది, అదే మన ఇబ్బంది. దాని కోళ్లు దక్కాయి. కాని ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ వ్యాధితో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట పెట్టుకుందని వార్త. మాంసం కోసే చోట పసిపిల్లలను ఉంచవద్దని ఈ సభాముఖంగా తల్లులను వేడుకుంటున్నాను. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో భయం లేదు.

నాలుగు రోజులు

ఫిబ్రవరి మూడో వారంలో ఒక ఉదయం తలుపు తీసేసరికి ముసలి ఆర్పింగ్టన్ పెట్ట కర్రకింద పడి ఉంది. ముందురోజు మేత తినలేదని నా రిజిస్టరులో రాసి ఉంది. రోజూ ఏ కోడి ఎంత తిన్నదీ, ఎన్ని గుడ్లు వచ్చిందీ రాసేవాణ్ణి, అలవాటు పోదు కదా. షరతు ప్రకారం తాకకుండా తలుపు వేసి వచ్చి మావాడికి ఫోన్ చేశాను. అతను రాష్ట్ర వ్యవసాయ శాఖలోని పశువైద్యులకు తెలియజేశాడు. వారు చెప్పినట్లు రెండు సంచుల్లో కట్టి పరీక్షకు పంపారు.

ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. వ్యాధి అని తేలితే మిగతా ఐదింటినీ చంపేస్తారు. నన్ను ముందుజాగ్రత్తగా వేరే గదిలో ఉంచారు. కోడలు రోజుకు రెండుసార్లు జ్వరం చూసేది. మా ఆవిడ గుమ్మం దగ్గర కంచం పెట్టి, మాట్లాడకుండా వెళ్లేది. ఆమె అలా ఉండడం పెళ్లయిన యాభై ఏళ్లలో నాకు అరుదు. మనవరాలు తలుపు కిందినుంచి రోజుకో చీటీ తోసేది. "ఐదూ మేత తిన్నాయి. నువ్వు తిన్నావా?" అని, వచ్చీరాని తెలుగులో.

నాలుగో రోజు సాయంత్రం కబురు వచ్చింది. బర్డ్ ఫ్లూ కాదు. గుడ్డు లోపలే చెడి కడుపులో చీము పట్టిందట, వయసు మళ్లిన పెట్టల్లో వచ్చేదే. కోడలు తలుపు తీసి లోపలికి వచ్చి, మంచం పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది. ఐదు కోళ్లూ చలికాలం దాటాయి. మార్చిలో పొద్దు పెరిగేసరికి నాలుగు మళ్లీ గుడ్లు మొదలుపెట్టాయి. ఐదోది పెట్టలేదు, ఇక పెట్టదు. మావాడు దాని సంగతి ఎత్తితే మనవరాలు, "తాతయ్య కూడా ఆఫీసుకు వెళ్లడం లేదు కదా, మరి తాతయ్యకు పెన్షన్ ఇస్తున్నారుగా" అంది. ఇంతకంటె గట్టి రిప్రజెంటేషన్ మన సంఘం కూడా ఏ ప్రభుత్వానికీ ఇచ్చి ఉండదు. ఆ కోడికి జీవితకాలం మేత మంజూరయింది.

ఇక్కడ మనకు పనికివచ్చేవి

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవారు మనలో ఉన్నారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారి వనరాజా, గ్రామప్రియ జాతులు పెరటి పెంపకానికి అనువైనవి. పుష్యమాసపు చలిలో మన పెద్దకోళ్లకు ఏమీ కాదు, పిల్లలే పోతాయి. మొదటి వారం వాటికి 33, 34 డిగ్రీల వేడి కావాలి, తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకోవచ్చు. పిల్లలు దీపం కింద గుంపుగా ఒరుసుకుంటే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. థర్మామీటరు లేకపోయినా ఇది చాలు. మంచుకు గోనెపట్టాలు దించేవారు గూడు మొత్తం కమ్మేయకండి, పైన జానెడు వదలండి. కొక్కెర తెగులు టీకా మాత్రం వేయించడం మరవకండి.

అమెరికా వెళ్లే మిత్రులకు ఒక మాట. అక్కడ మన పిల్లలకు మన డబ్బు అక్కర్లేదు, సలహాలు అసలే అక్కర్లేదు. రోజూ ఒకే వేళకు, ఒకే పనిని తప్పకుండా చేసే మనిషి మాత్రం ఆ ఇళ్లలో కరువు. మనం జీవితమంతా చేసింది ఆ పనే. కోళ్లు కాకపోతే మొక్కలు, మొక్కలు కాకపోతే మనవడికి తెలుగు అక్షరాలు, ఏదో ఒకటి వెళ్లిన మొదటి వారంలోనే అడిగి పుచ్చుకోండి.